యూనివర్సిటీ కంప్యూటర్లకు, ఫోన్లకు ఏ మేనేజ్‌మెంట్ టూల్ సరిపోతుంది?

యూనివర్సిటీలో డివైజ్ మేనేజ్‌మెంట్ టూల్ (కంప్యూటర్లను, ఫోన్లను ఒకేచోటి నుంచి సెట్ చేసి, అప్‌డేట్ చేసే సాఫ్ట్‌వేర్) కొనాలని కమిటీ వేస్తే, మొదటి మీటింగ్‌లోనే నాలుగు కంపెనీల కొటేషన్లు టేబుల్ మీదకు వస్తాయి. ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టి, ఎక్కువ టిక్కులు ఉన్నదాన్నో తక్కువ ధర పలికినదాన్నో ఖాయం చేస్తారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే లైసెన్సులు ఉంటాయి, అందులో చేరాల్సిన కంప్యూటర్లు మాత్రం చాలావరకు బయటే ఉంటాయి. నాకు కనిపించే కారణం ఒకటే. ఏ డివైజ్ ఎవరిది, అందులోని డేటా ఎవరిది అనేది తేల్చుకోకుండా అన్నిటికీ కలిపి ఒకే టూల్ వెతకడం.

అందుకే ఈ పోలికను టూల్ పేర్లతో మొదలుపెట్టడం లేదు. తెలుగు రాష్ట్రాల్లోని ఒక మామూలు స్టేట్ యూనివర్సిటీని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పరిపాలన భవనం, ఎగ్జామినేషన్ బ్రాంచ్, పదిహేను ఇరవై డిపార్టుమెంట్లు, వాటి ల్యాబులు, హాస్టళ్లు, ఊరికి అవతల ఒక పీజీ సెంటర్, ఇద్దరో ముగ్గురో సిస్టమ్ అడ్మిన్లు. మీది ఇంతకంటే పెద్దదైనా చిన్నదైనా లెక్క ఇలాగే నడుస్తుంది.

ముందు డివైజ్‌లను విడగొట్టండి

ఎగ్జామినేషన్ బ్రాంచ్, అకౌంట్స్, రిజిస్ట్రార్ ఆఫీసు కంప్యూటర్లు ఒక రకం. యూనివర్సిటీ సొమ్ముతో కొన్నవి, అత్యంత సున్నితమైన డేటా ఉన్నవి. మార్కులు, ఆధార్ కాపీలు, జీతాలు, బ్యాంకు లాగిన్లు అన్నీ అక్కడే. ల్యాబ్ కంప్యూటర్లు రెండో రకం. అవీ యూనివర్సిటీవే, కానీ వాటిలో దాచుకోవాల్సిన డేటా ఉండకూడదు. రోజుకు మూడు బ్యాచ్‌లు కూర్చునే కుర్చీలవి. ఫ్యాకల్టీ ల్యాప్‌టాప్‌లు మూడో రకం. కొన్ని యూనివర్సిటీ ఇచ్చినవి, చాలావరకు సొంతవి. గెస్ట్ ఫ్యాకల్టీవైతే పూర్తిగా సొంతవే. ఫోన్లు నాలుగో రకం, దాదాపు అన్నీ వ్యక్తిగతమే. రీసెర్చ్ సర్వర్లు, ప్రాజెక్టు డబ్బుతో కొన్న వర్క్‌స్టేషన్లు ఐదో రకం. వీటి లిస్టు ఐటీ సెల్ దగ్గర ఉండదు, స్టాక్ రిజిస్టర్లో ఉంటుంది.

ఈ ఐదింటికీ ఒకే విధానం పెడితే రెండు రకాల నష్టం జరుగుతుంది. ప్రొఫెసర్ సొంత ఫోన్ మీద పెత్తనం ఎక్కువవుతుంది, ఎగ్జామ్ బ్రాంచ్ కంప్యూటర్ మీద అదుపు తక్కువవుతుంది. ఆ రెండో నష్టం ఎంత పెద్దదో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ అనుభవం చెబుతుంది. 2019 అక్టోబరులో అక్కడ ఒక దొంగ ఈమెయిల్‌లోని లింక్‌ను ఎవరో తెరిచారు. అప్‌డేట్లు సరిగా వేయని సర్వర్ల గుండా దుండగులు నెలల పాటు నెమ్మదిగా లోపలికి పాకి, డిసెంబరు 23న 267 సర్వర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగారు. యూనివర్సిటీ 30 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి విలువలో దాదాపు 2 లక్షల యూరోలు, చెల్లించి బయటపడింది. కొన్ని బ్యాకప్‌లు కూడా అదే నెట్‌వర్క్‌లో ఉండటంతో వాటికీ తాళం పడింది. మన దగ్గర 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఇలాంటి దాడితోనే పడిపోయినప్పుడు, దాదాపు రెండు వారాలు ఓపీ పని కాగితాల మీద నడిచింది.

ఆఫీసు కంప్యూటర్లకు: గ్రూప్ పాలసీనా, ఇంట్యూన్‌నా, ఎండ్‌పాయింట్ సెంట్రల్‌నా?

ఇక్కడ పోటీ ప్రధానంగా మూడింటి మధ్య.

మొదటిది పాత పద్ధతి. క్యాంపస్‌లో సొంత సర్వర్ మీద యాక్టివ్ డైరెక్టరీ (మైక్రోసాఫ్ట్ వారి లాగిన్ల, కంప్యూటర్ల జాబితా), అన్ని కంప్యూటర్లకూ సెట్టింగులు పంపే దాని గ్రూప్ పాలసీ, అప్‌డేట్లు పంచడానికి డబ్ల్యూఎస్‌యూఎస్. విండోస్ సర్వర్ లైసెన్సు, దాన్ని వాడే వారికి యాక్సెస్ లైసెన్సులు ఉంటే వేరే సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు. పాలసీ మారిస్తే సాధారణంగా 90 నిమిషాలకు అటూ ఇటుగా అన్ని కంప్యూటర్లకూ చేరుతుంది. అప్‌డేట్ ఒక్కసారే క్యాంపస్‌లోకి దిగి అక్కడి నుంచి పంపిణీ అవుతుంది కాబట్టి ఇంటర్నెట్ మీద భారం పడదు. దీని బలహీనత ఏమిటంటే, కంప్యూటర్ క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉన్నంతవరకే మాట వింటుంది. ల్యాప్‌టాప్ ఇంటికి వెళ్తే వీపీఎన్ (క్యాంపస్ నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్ ద్వారా దారి) కలిపే వరకు దానికి యజమాని లేనట్టే. పైగా డబ్ల్యూఎస్‌యూఎస్‌కు ఇక కొత్త ఫీచర్లు ఉండవని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులోనే ప్రకటించింది. పనిచేస్తుంది, కానీ దాని మీద కొత్తగా పదేళ్ల ప్లాన్ వేయకండి.

రెండోది మైక్రోసాఫ్ట్ వారి ఇంట్యూన్. క్లౌడ్ నుంచి నడుస్తుంది కాబట్టి కంప్యూటర్ ఎక్కడున్నా ఇంటర్నెట్ ఉంటే చాలు. కొత్త ల్యాప్‌టాప్‌ను సరఫరాదారు ముందే ఆటోపైలట్‌ అనే మైక్రోసాఫ్ట్ సదుపాయంలో నమోదు చేసి పంపితే, ఉద్యోగి పెట్టె తెరిచి యూనివర్సిటీ ఈమెయిల్‌తో లాగిన్ కాగానే సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులు వాటంతటవే దిగుతాయి. ముగ్గురు మనుషులతో నడిచే ఐటీ సెల్‌కు ఇది చాలా పెద్ద ఊరట. అయితే నిదానం. మామూలుగా డివైజ్ ఇంట్యూన్‌ను ఎనిమిది గంటలకోసారి పలకరిస్తుంది, కాబట్టి ఇప్పుడు పెట్టిన మార్పు ఇప్పుడే కనిపించకపోవచ్చు. ఇంకో సంగతి, ఉచితంగా వచ్చే ఆఫీస్ 365 ఏ1 ప్లాన్‌లో ఇంట్యూన్ ఉండదు. మైక్రోసాఫ్ట్ 365 ఏ3, ఏ5 ప్లాన్లలో ఉంటుంది (ఆఫీస్ 365 ఏ3లో ఉండదు), లేదా విడిగా కొనాలి. "మాకు మైక్రోసాఫ్ట్ ఉంది కదా" అని ధైర్యంగా ఉన్న చాలామంది దగ్గర ఉన్నది ఏ1 మాత్రమే.

మూడోది చెన్నై జోహో వారి మేనేజ్‌ఇంజిన్ ఎండ్‌పాయింట్ సెంట్రల్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ ప్యాచ్‌లు (లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు) వేస్తుంది. క్రోమ్, జూమ్, అడోబీ రీడర్ లాంటి బయటి సాఫ్ట్‌వేర్లకు కూడా. సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు, క్లౌడ్‌లోనూ తీసుకోవచ్చు. పీజీ సెంటర్ లాంటి దూరపు క్యాంపస్‌లో ఒక పంపిణీ సర్వర్ పెడితే అక్కడి సన్నని లైన్ మీద ఒత్తిడి తగ్గుతుంది. 25 కంప్యూటర్ల వరకు ఉచిత ఎడిషన్ ఉంది కాబట్టి కొనే ముందు ఎగ్జామ్ బ్రాంచ్‌లో పెట్టి చూడొచ్చు. అయితే సొంత సర్వర్ మీద పెట్టుకున్న మేనేజ్‌మెంట్ టూల్‌ను కూడా ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాల్సిందే. 2021 డిసెంబరులో ఈ టూల్‌లోని (అప్పటి పేరు డెస్క్‌టాప్ సెంట్రల్) ఒక లోపాన్ని వాడుకుని దాడులు జరుగుతున్నాయని అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. లోపాలు ప్రతి కంపెనీ టూల్‌లోనూ బయటపడతాయి. ప్యాచ్ వేసే సర్వర్‌కే ప్యాచ్ వేయకపోతే క్యాంపస్ మొత్తం తాళాలు ఒకేచోట దొరుకుతాయి.

వీటిలో ఏది అన్నది ఫీచర్ల కంటే రెండు స్థానిక విషయాల మీద ఆధారపడుతుంది.

ఒకటి బడ్జెట్ తీరు. స్టేట్ యూనివర్సిటీల్లో మొదటి ఏడాదికి డబ్బు దొరకడం సులువు, నాలుగో ఏడాది రెన్యువల్‌కు దొరకడం కష్టం. క్లౌడ్ సబ్‌స్క్రిప్షన్ ఆగిందంటే మేనేజ్‌మెంటూ ఆగిపోతుంది. సొంత సర్వర్ మీద ఉన్న యాక్టివ్ డైరెక్టరీ బడ్జెట్ రాకపోయినా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి రెన్యువల్ డబ్బు ప్రతి ఏడూ ఖర్చుల పద్దులో ఉంటుందని ఫైనాన్స్ ఆఫీసర్ రాతపూర్వకంగా చెప్పలేకపోతే, నేనైతే పూర్తిగా క్లౌడ్ మీద ఆధారపడమని చెప్పను.

రెండోది మనుషులు. గ్రూప్ పాలసీ సర్వర్‌ను పెట్టిన మనిషి బదిలీ అయితే, లేదా అవుట్‌సోర్సింగ్ ఒప్పందం ముగిసి వెళ్లిపోతే, ఆ సర్వర్ పాస్‌వర్డ్ కూడా తెలియని పరిస్థితి వస్తుంది. తెలిసినవాళ్లు ఇద్దరైనా లేనిచోట సొంత సర్వర్ కంటే క్లౌడ్ మేలు.

ఈ రెండూ కలిపి చూస్తే నా సలహా ఇది. ఇప్పటికే యాక్టివ్ డైరెక్టరీ బాగా నడుస్తుంటే దాన్ని తీసేయకండి. ఆఫీసు డెస్క్‌టాప్‌లను అందులోనే ఉంచి, ప్యాచ్‌లకు ఎండ్‌పాయింట్ సెంట్రల్ లాంటిది జోడించండి. కొత్తగా మొదలుపెడుతూ, మైక్రోసాఫ్ట్ 365 ఏ3 లైసెన్సులు చేతిలో ఉంటే నేరుగా ఇంట్యూన్‌కు వెళ్లండి. సర్వర్ కొనకండి.

ఏది ఎంచుకున్నా ఎగ్జామ్ బ్రాంచ్‌లో మూడు పనులు మొదటి వారంలోనే జరగాలి. విండోస్‌లోని బిట్‌లాకర్‌తో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డేటా చదవలేని తాళం) పెట్టి, రికవరీ కీలు యూనివర్సిటీ డైరెక్టరీలో భద్రపరచాలి. ప్రతి కంప్యూటర్‌కు వేరే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండాలి. దీనికి విండోస్ ల్యాప్స్ అనే సదుపాయం 2023 ఏప్రిల్ నుంచి విండోస్‌లోనే వస్తోంది, అదనపు ఖర్చు లేదు. అన్ని కంప్యూటర్లకూ ఒకే పాస్‌వర్డ్ ఉన్న ఆఫీసులో ఒక్కటి పడితే అన్నీ పడతాయి. మూడోది, సిబ్బంది రోజువారీ లాగిన్‌కు అడ్మిన్ హక్కులు తీసేయాలి. దీనికి గొడవ వస్తుంది. ప్రింటర్ డ్రైవర్ వేసుకోలేకపోతున్నాం అంటారు, నిజమే. అందుకు సమాధానంగా అవసరమైన ప్రింటర్ డ్రైవర్లు, తెలుగు ఫాంట్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ సాఫ్ట్‌వేర్ ముందే టూల్ ద్వారా పంపి పెట్టండి. అది చేయకుండా హక్కులు తీసేస్తే వారం తిరక్కుండానే పైనుంచి ఫోన్ వచ్చి మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది.

కొనుగోలు దశలోనే ఒక జాగ్రత్త ఉంది. విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో (యాక్టివ్ డైరెక్టరీలో) చేరదు, గ్రూప్ పాలసీకి లొంగదు. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో ఇండెంట్ పెట్టేటప్పుడు విండోస్ 11 ప్రో అని, ఆటోపైలట్ నమోదు సరఫరాదారు బాధ్యత అని స్పష్టంగా రాయండి. డబ్బు ఆదా అవుతుందని విండోస్ లేకుండా డాస్‌తో కొని తర్వాత క్రాక్ చేసిన విండోస్ వేయించడం అన్నిటికంటే ప్రమాదం. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు, అంతకు రెండు నెలల ముందే మార్చిలో విడుదలైన ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లే దానికి చిక్కాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ ఆ దెబ్బ తిన్నాయి. క్రాక్ చేసిన విండోస్‌కు అప్‌డేట్లు ఆపేసి ఇవ్వడం ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కుర్రాళ్ల మామూలు అలవాటు.

ల్యాబులకు: ప్రతి ఉదయం కొత్తగా లేచే కంప్యూటర్

ల్యాబ్‌లో భద్రతకు అసలు సూత్రం, ఏది పాడైనా పది నిమిషాల్లో మళ్లీ మామూలు స్థితికి రావడం. అందువల్ల ఇక్కడ ఖరీదైన యాంటీవైరస్ కంటే రీబూట్ చేస్తే పాత స్థితికి తెచ్చే పద్ధతి, ఇమేజింగ్ పద్ధతి (సిద్ధం చేసిన ఒక కంప్యూటర్ నకలును మిగతావాటిలో దింపడం) ఎక్కువ పని చేస్తాయి.

డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేర్ చాలా ల్యాబుల్లో ఇప్పటికే ఉంది. రీబూట్ చేయగానే విద్యార్థి చేసిన మార్పులన్నీ పోతాయి, పెన్‌డ్రైవ్ వైరస్‌తో సహా. కానీ ఫ్రీజ్‌లో ఉన్న కంప్యూటర్‌కు అప్‌డేట్లూ నిలవవు. వాటి కోసం ఫ్రీజ్ తీసే సమయం కేటాయించాలి. అది రాత్రి పెడితే మన ల్యాబుల్లో పని జరగదు, ఎందుకంటే సాయంత్రం ఐదున్నరకు ల్యాబ్ అసిస్టెంట్ మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్తారు. భోజన విరామంలోనో, ప్రాక్టికల్స్ లేని శనివారం మధ్యాహ్నమో పెట్టుకోండి. విండోస్ ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ అనే ఇలాంటి సదుపాయం అదనపు ఖర్చు లేకుండా ఉంది. ప్రో ఎడిషన్‌లో లేదు. ఆ లైసెన్సులు ఉంటే డీప్ ఫ్రీజ్ రెన్యువల్‌కు ముందు దీన్ని ఒకసారి పరీక్షించి చూడండి.

ఇమేజింగ్‌కు ఫాగ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక కంప్యూటర్‌ను సరిగా సిద్ధం చేసి, దాని ఇమేజ్ తీసి, నెట్‌వర్క్ ద్వారా అరవై కంప్యూటర్లకు ఒకేసారి దింపవచ్చు. ఒక్కొక్కదానికీ పెన్‌డ్రైవ్ పెట్టి ఫార్మాట్ కొట్టే పని తప్పుతుంది. ఒకేసారి దింపాలంటే నెట్‌వర్క్ స్విచ్‌లు మల్టీకాస్ట్‌ను (ఒకే డేటాను చాలా కంప్యూటర్లకు ఒకేసారి పంపడాన్ని) సరిగా మోయాలి. చవక స్విచ్‌ల మీద మిగతా నెట్‌వర్క్ మొత్తం నెమ్మదిస్తుంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ లేవకుండా ఆపే రక్షణ) విషయంలోనూ ఫాగ్ కొంత ఇబ్బంది పెడుతుంది, ముందు ఒక మెషిన్ మీద తేల్చుకోండి.

సీ, పైథాన్, జావా, డేటాబేస్ ల్యాబులకు ఉబుంటు లాంటి లైనక్స్, దాని మీద యాన్సిబుల్ నాకు అన్నిటికంటే నచ్చిన ఎంపిక. యాన్సిబుల్‌కు ప్రతి కంప్యూటర్‌లో ప్రత్యేక ఏజెంట్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ చాలు. ల్యాబ్ ఎలా ఉండాలో ఒక ఫైల్‌లో రాసి పెడితే అన్ని కంప్యూటర్లూ అలాగే తయారవుతాయి. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్‌కు ఐదేళ్ల అప్‌డేట్లు ఉంటాయి. ఉబుంటు 24.04 అయితే 2029 వరకు. పైగా ప్లేబుక్‌లు అనే ఆ యాన్సిబుల్ ఫైళ్లు రాయడం ఎంసీఏ విద్యార్థులకు మంచి ప్రాజెక్టు. యూనివర్సిటీ డబ్బు లైసెన్సులకు బదులు విద్యార్థుల నైపుణ్యంగా మారడం నాకు నిజంగా సంతోషం కలిగించే విషయం. ఆటోక్యాడ్ కావాల్సిన సివిల్, మెకానికల్ ల్యాబులకు మాత్రం విండోస్ తప్పదు.

ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) లాంటి ప్రవేశ పరీక్షలు కంప్యూటర్ మీదకు మారాక చాలా ల్యాబులు పరీక్షా కేంద్రాలయ్యాయి. బయటి ఏజెన్సీకి ల్యాబ్ ఇచ్చినప్పుడు వాళ్లు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతారు. ఇవ్వకండి. పరీక్షల కోసం వేరే ఇమేజ్ ఉంచి, వాళ్లు వెళ్లగానే మళ్లీ మన ఇమేజ్ దింపండి. ఆ ల్యాబ్ నెట్‌వర్క్ ఎగ్జామ్ బ్రాంచ్ నెట్‌వర్క్‌కు తగలకుండా వేరే వీల్యాన్‌లో (అదే వైర్ల మీద విడగొట్టిన నెట్‌వర్క్‌లో) ఉండాలి. యూనివర్సిటీ ప్రశ్నపత్రాలు ఆన్‌లైన్‌లో కాలేజీలకు వెళ్లే చోట ఈ విభజన లేకపోతే మిగతా భద్రత ఏదీ నిలవదు.

ఫోన్లకు: ఎంత తక్కువ పట్టుకుంటే అంత మంచిది

ఫోన్ల దగ్గర కమిటీలు ఎక్కువ పొరపాటు పడతాయి. సిబ్బంది అందరి ఫోన్లలో యాప్ వేయించి, పోయిన ఫోన్‌ను దూరం నుంచి తుడిచేయగలగాలని కోరుకుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ సొంత డబ్బుతో కొన్న ఫోన్‌లో పిల్లల ఫొటోలు, బ్యాంకు యాప్‌లు ఉన్న మనిషి దానికి ఎందుకు ఒప్పుకోవాలి? ఒప్పుకోకపోవడం న్యాయమే.

యూనివర్సిటీ ముందు నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు పూర్తి నియంత్రణ, అది యూనివర్సిటీ కొన్న డివైజ్‌లకు మాత్రమే. హాజరు ట్యాబ్‌లు, లైబ్రరీ కియోస్క్‌లు, పేపర్లు దిద్దే ట్యాబ్‌లు ఇందులోకి వస్తాయి. వీటిని ఒక్క యాప్ తప్ప ఏదీ తెరవలేని కియోస్క్ పద్ధతిలో పెట్టవచ్చు. అధీకృత డీలర్ దగ్గర కొంటే ఆండ్రాయిడ్ జీరో టచ్, సామ్‌సంగ్ అయితే నాక్స్ ఎన్‌రోల్‌మెంట్ ద్వారా ముందే నమోదు చేయించుకోవచ్చు. అలా చేస్తే ఎవరైనా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా తిరిగి యూనివర్సిటీ అదుపులోకే వస్తాయి.

రెండో మెట్టు వర్క్ ప్రొఫైల్. ఒకే ఫోన్‌లో ఉద్యోగానికి వేరే గది కట్టినట్టు ఉంటుంది. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తుంది, సెలవు రోజున ఆ భాగాన్ని ఆపేసుకోవచ్చు. ఉద్యోగి సొంత ఫోన్‌లో ఐటీ సెల్ ఆ గదిని మాత్రమే చూడగలదు, తుడవగలదు. వ్యక్తిగత ఫొటోలు, మెసేజ్‌లు, కాల్ వివరాలు దానికి కనిపించవు. ఐఫోన్లలో యూజర్ ఎన్‌రోల్‌మెంట్ ఇలాంటిదే, 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది.

మూడో మెట్టులో ఫోన్‌ను అసలు నమోదు చేయరు. అవుట్‌లుక్, టీమ్స్ లాంటి యాప్‌లకు మాత్రమే షరతులు పెడతారు. యాప్ తెరవడానికి పిన్, అందులోని ఫైల్‌ను బయటి యాప్‌లోకి కాపీ చేయనివ్వకపోవడం, ఉద్యోగి వెళ్లిపోతే యూనివర్సిటీ డేటా మాత్రమే తీసేయడం. ఇంట్యూన్ యాప్ ప్రొటెక్షన్ ఈ పని చేస్తుంది. నాలుగో మెట్టులో ఫోన్ జోలికే వెళ్లరు. ఖాతాకు రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది) పెట్టి ఊరుకుంటారు.

విద్యార్థులకు నాలుగో మెట్టు చాలు, అంతకు మించి అడగకూడదు. ఫ్యాకల్టీకి మూడు లేదా నాలుగు. యూనివర్సిటీ ఈమెయిల్ గూగుల్ మీద ఉంటే ఉచిత ఎడిషన్‌లోని బేసిక్ మేనేజ్‌మెంట్‌తోనే స్క్రీన్ లాక్ తప్పనిసరి చేయవచ్చు, పోయిన ఫోన్ నుంచి యూనివర్సిటీ ఖాతాను తీసేయవచ్చు. చాలామందికి అది సరిపోతుంది. ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఫోన్ మీద పని చేయాల్సిన ఆ కొద్దిమందికి యూనివర్సిటీ ఫోన్ కొనివ్వండి. పదిమంది సొంత ఫోన్ల మీద వాదించుకోవడం కంటే పది మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనడం చవక.

కంపెనీని అడగాల్సిన ఒక ప్రశ్న: మీ టూల్ ఆండ్రాయిడ్‌ను వర్క్ ప్రొఫైల్ పద్ధతిలో నడుపుతుందా, ఫోన్ మొత్తాన్ని పట్టుకునే పాత డివైజ్ అడ్మిన్ పద్ధతిలోనా? పాత పద్ధతిని గూగుల్ ఎప్పుడో పక్కన పెట్టింది. ఇంకా దాని మీదే డెమో చూపించే కంపెనీని అక్కడే ఆపేయండి.

ఏ టూల్ కూడా పట్టుకోలేని రెండు విషయాలు ఇక్కడే చెప్పాలి. మార్కుల లిస్టు పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదటిది. దాన్ని ఆపాలంటే అంతే సులువైన ప్రత్యామ్నాయం ఇవ్వాలి, ఉదాహరణకు డిపార్టుమెంటుకు ఒక షేర్డ్ డ్రైవ్. రెండోది డిపార్టుమెంట్ పేరుతో తెరిచిన జీమెయిల్. దాని ఓటీపీ అప్పటి హెచ్ఓడీ సొంత నంబరుకు వెళ్తుంది. రొటేషన్‌లో హెచ్ఓడీ మారతారు, నంబరు మారదు. రిటైరైన మనిషికి ప్రతి లాగిన్‌కూ ఫోన్ చేయాల్సి వస్తుంది. డివైజ్‌ల మీద రూపాయి ఖర్చు పెట్టే ముందు ఇలాంటి ఖాతాలన్నీ యూనివర్సిటీ సొంత ఈమెయిల్ డొమైన్‌లోకి తేవాలి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. చాలా బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. తగిన భద్రతా చర్యలు లేకపోతే జరిమానా రూ. 250 కోట్ల వరకు ఉండవచ్చు. ఈ చట్టం 18 ఏళ్ల లోపు వారిని పిల్లలుగానే చూస్తుంది. పదో తరగతి తర్వాత చేరి ఆరేళ్లు చదివే ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) లాంటి చోట మొదటి రెండేళ్ల విద్యార్థులు దాదాపు అందరూ ఆ లెక్కలోకి వస్తారు. అక్కడ విద్యార్థుల చేతికి ల్యాప్‌టాప్‌లు కూడా ఇచ్చారు. అలాంటి ల్యాప్‌టాప్‌లో బ్రౌజింగ్ మొత్తం రికార్డు చేసే ఆప్షన్ టూల్‌లో ఉంది కదా అని ఆన్ చేయకూడదు. విద్యా సంస్థలకు కొన్ని పనులకు మినహాయింపులున్నా, ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నామో లీగల్ సెల్‌తో కూర్చుని రాసుకోవాలి.

మ్యాక్‌లు, రీసెర్చ్ సర్వర్లు

మ్యాక్‌లు పదీ ఇరవై ఉంటే వాటి కోసం జామ్ఫ్ లాంటి ప్రత్యేక టూల్ కొనక్కర్లేదు. ఇంట్యూన్, ఎండ్‌పాయింట్ సెంట్రల్ రెండూ వాటిని చూసుకుంటాయి. డిజైన్ కాలేజీ ఉండి వందల మ్యాక్‌లు ఉంటే అప్పుడు జామ్ఫ్ గురించి ఆలోచించండి.

రీసెర్చ్ సర్వర్లను టూల్‌లో బలవంతంగా చేర్చే ప్రయత్నం ఎక్కడా సజావుగా సాగదు. నెలల తరబడి నడిచే సిమ్యులేషన్ మధ్యలో ఆటోమేటిక్ రీబూట్ జరిగితే ఆ స్కాలర్ ఇక ఐటీ సెల్‌ను జన్మలో నమ్మడు. వీటికి నియంత్రణ కంటే లెక్క, నిఘా ముఖ్యం. జీఎల్‌పీఐతో ఏది ఎక్కడుందో జాబితా, వాజూతో లాగ్‌లు (సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందో చూపే రికార్డులు). రెండూ ఓపెన్ సోర్స్. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను 6 గంటల్లో దానికి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. డిపార్టుమెంట్ మూలన ఉన్న సర్వర్ లాగ్‌లు ఎక్కడికీ రాకపోతే ఆ 6 గంటల్లో చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

విండోస్ 10 మిగిలి ఉంటే

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ లేదా ఆపైది ఉన్నవాటిని 11కు మార్చండి. మారలేని ఆఫీసు కంప్యూటర్లకు విద్యా సంస్థలకిచ్చే పొడిగింపు చాలా చవక. ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడు 1 డాలర్, రెండో ఏడు 2, మూడో ఏడు 4. ఇది గడువు కొనుక్కోవడమే, ఆ మూడేళ్లలో మార్పిడి పూర్తి కావాలి. ల్యాబ్ కంప్యూటర్లయితే డబ్బు పెట్టకుండా లైనక్స్‌కు మార్చండి. కేవలం బ్రౌజర్‌తో పని నడిచే లైబ్రరీ కంప్యూటర్లకు గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ బాగుంటుంది. దాని మీద ప్లే స్టోర్ యాప్‌లు నడవవని మాత్రం గుర్తుంచుకోండి.

టూల్ చేతికి ఎంత అధికారం ఇస్తున్నామో చూసుకోండి

2014 మేలో అమెరికాలోని ఎమొరీ యూనివర్సిటీలో, మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ అనే ఇలాంటి టూల్ ద్వారా విండోస్ 7 కొత్తగా వేసే ఆదేశం పొరపాటున క్యాంపస్‌లోని విండోస్ కంప్యూటర్లన్నిటికీ వెళ్లింది. ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు, సర్వర్లు, చివరికి ఆ ఆదేశం పంపిన సర్వర్ కూడా ఫార్మాట్ అయింది. బయటి దాడి ఏదీ లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించాయి. వాటిని లేపడానికి చాలాచోట్ల బిట్‌లాకర్ రికవరీ కీలు కావాల్సి వచ్చాయి.

కాబట్టి టూల్‌ను పోల్చేటప్పుడు డెమోలో ఇవి చేసి చూపించమనండి. ఒక అప్‌డేట్‌ను ముందు ఐదు కంప్యూటర్లకు, మూడు రోజుల తర్వాత ఒక డిపార్టుమెంటుకు, ఆ తర్వాతే అందరికీ పంపగలమా? డివైజ్‌ను తుడిచే ఆదేశానికి రెండో వ్యక్తి ఆమోదం తప్పనిసరి చేయగలమా? ఇంట్యూన్‌లో ఆ ఏర్పాటు ఉంది. మిగతా కంపెనీలు తమ టూల్‌లో ఎక్కడుందో చూపించాలి. రికవరీ కీలు టూల్ పనిచేయనప్పుడు కూడా మనకు దొరుకుతాయా? ఒప్పందం ముగిస్తే డివైజ్‌ల జాబితా, లాగ్‌లు మామూలు ఫైల్‌గా ఎగుమతి అవుతాయా, దానికి ఎన్ని రోజులు పడుతుంది? అడ్మిన్ లాగిన్‌కు రెండంచెల రక్షణ లేకుండా టూల్ తెరుచుకుంటుందా? చివరి ప్రశ్నకు తెరుచుకుంటుందని సమాధానం వస్తే, ధర ఎంత తక్కువైనా ఆ కొటేషన్ పక్కన పెట్టండి.

టెండర్‌లో మూడేళ్ల ధర ఒకేసారి అడగండి, శిక్షణను విడి అంశంగా పెట్టండి. ఆ శిక్షణ ఒక్కరికి కాకుండా కనీసం ముగ్గురికి జరగాలి, అందులో ఒకరు రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. మొదట ఎగ్జామ్ బ్రాంచ్, తర్వాత అకౌంట్స్, ఆ తర్వాత ఒక ల్యాబ్ చేర్చండి. ఒక సెమిస్టర్ పరీక్షలు, ఫలితాలు ఆ ఏర్పాటు మీద సాఫీగా నడిచాకే మిగతా డిపార్టుమెంట్లకు ఆర్డర్ పెట్టండి.